శిలాఫలకం గారికి మీ అక్షరాలవాడు రాయునది

గాజువాక,
విశాఖపట్నం.

మహారాజశ్రీ శిలాఫలకం గారి దివ్య సముఖమునకు,

మీ ఒంటి మీద అక్షరాలు చెక్కి పొట్టపోసుకునే కూలివాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ మేం బాగానే ఉన్నాం. మీరు అక్కడ తుప్పల మధ్య క్షేమంగా ఉన్నారని మొన్న అటు వెళ్లిన మేకలకాపరి చెబితే తెలిసింది. వెల్వెట్ తెర లాగిన రోజు తర్వాత మిమ్మల్ని చూడవచ్చినవి ఆ మేకలే అట. పోనీలెండి, ఒకరైనా ఉన్నారు.

ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ పేరు మీద ఈ ఊరికి వస్తాయన్న ఉద్యోగాల్లో చెప్పిన తేదీకి వచ్చింది నాదొక్కటే. నాతోపాటు షామియానా వాడికి, కుర్చీల వాడికి, బంతిపూల వాడికి, వాటర్ ప్యాకెట్ల వాడికి తలా ఒక రోజు పని దొరికింది. మమ్మల్ని 'పరోక్ష ఉపాధి' కింద రాసుకున్నారో లేదో ఒకసారి కనుక్కోండి. రాసుకోకపోతే రాసుకోమనండి, మాకేం అభ్యంతరం లేదు.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో కొట్లో ముగ్గురం ఉలి పట్టేవాళ్లం. ఇప్పుడు కంప్యూటర్‌లో టైపు చేస్తే మెషిన్ స్టిక్కర్ కోసిస్తుంది. దాన్ని రాయికి అతికించి ఇసుక కొడితే అక్షరం దిగుతుంది. గోల్డ్ పెయింట్ పూసి, ఆరాక స్టిక్కర్ పీకేస్తే అయిపోయినట్టే. నాలుగు రోజుల పని ఒక్క పూటకి వచ్చింది, ముగ్గురి పని ఒక్కడికి వచ్చింది. మిగతా ఇద్దరిలో ఒకడు అపార్ట్‌మెంట్ దగ్గర సెక్యూరిటీ, ఇంకొకడు బైక్ ట్యాక్సీ. 'నైపుణ్యాభివృద్ధి కేంద్రము' అని ఒక రాయి మీద ఉలితో చెక్కాం. ముగ్గురం కలిసి చేసిన ఆఖరి పని అదే.

నా కూలి అక్షరానికి ఇంత. అందుకే పెద్దమనుషుల మీద నాకు కోపం లేదు. 'గౌరవనీయులు' అంటే ఆరు అక్షరాలు. 'దివ్య కరకమలములచే' అంటే పది. ఒక్కో ఫలకం మీద తొమ్మిది మంది గౌరవనీయులుంటే ఆ నెల మా ఇంట్లో గ్యాస్ బండకి వెతుక్కోనక్కర్లేదు. 'పర్మినెంటు' అనే మాటకి నాలుగే అక్షరాలు. ఇన్నేళ్లలో ఆ మాటకి ఒక్క ఆర్డరూ రాలేదు.

ఒక రాత్రి సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. తెల్లారితే ప్రోగ్రాం. పదకొండున్నరకి ఫోన్. "ఏటి బాబూ, మా సార్ పేరు మూడో వరసలోకి ఎలా దిగిపోయింది? ప్రోటోకాల్ తెలీదేటి నీకు?" గ్రైండర్, ఇసుక డబ్బా, పెయింటు పట్టుకుని ఆటోలో పరిగెత్తాను. గోడలోంచి మిమ్మల్ని తీసే టైం లేదు. జీపు హెడ్‌లైట్లు మీ మొహాన వేసి, నిలబెట్టినచోటే రెండు వరసలు అరగదీసి మళ్లీ కొట్టాను. నాలుగున్నరకి పెయింటు ఆరలేదని ఒకాయన కండువాతో విసిరాడు కూడా. రాత్రంతా అంత మంది నా నెత్తిన నిలబడి పేర్లు సరిచూశారు. ఉద్యోగాల లెక్క సరిచూడమని మాత్రం ఎవరూ అనలేదు.

అనడానికి లెక్క మీ మీద ఉంటే కదా! అది పక్కన ఫ్లెక్సీ మీద ఉంటుంది. ఈ ఏర్పాటు చేసిందెవరో గానీ బుర్ర ఉన్నవాడు. పేర్లు చీమకుర్తి గ్రానైట్ మీద, ఉద్యోగాలు ఫ్లెక్సీ మీద. పేరు ఎండకీ వానకీ చెక్కుచెదరదు. లెక్క తొలకరికే చిరిగి ఎవడి పాక మీదకో ఎగిరిపోతుంది. 2023 మార్చిలో ఆంధ్రా యూనివర్సిటీ ఇంజనీరింగ్ కాలేజీ గ్రౌండ్‌లో పెట్టుబడుల సదస్సు జరిగింది. 13 లక్షల కోట్ల పెట్టుబడి, 6 లక్షల ఉద్యోగాలు అన్నారు. 2025 నవంబరులో అదే గ్రౌండ్‌లో ఇంకో సదస్సు. ఈసారి 13.25 లక్షల కోట్లు, 16 లక్షల ఉద్యోగాలు. మధ్యలో ప్రభుత్వం మారింది. పెట్టుబడి దాదాపు అక్కడే ఉంది, ఉద్యోగాలు మాత్రం పది లక్షలు పెరిగాయి. ఆ మొదటి ఆరు లక్షల్లో ఎన్ని వచ్చాయో ఎవరైనా రెండో సదస్సు గేటు దగ్గర ఒక బోర్డు పెట్టి ఉంటే చదువుకుని లోపలికి వెళ్లేవాళ్లం.

మీ వంశంలో అందరూ ఇంతేనని అననులెండి. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ ఇక్కడ ఓడల కార్ఖానాకి రాయి వేశారు. ఏడాది తిరక్కుండా జపాన్ వాడు ఊరి మీద బాంబులు వేశాడు. అయినా 1948లో నెహ్రూ వచ్చి 'జలఉష'ని నీళ్లలోకి దింపారు. మధ్యలో ప్రపంచ యుద్ధం, స్వతంత్రం, దేశ విభజన, ఇన్ని జరిగినా ఏడేళ్లలో ఓడ తేలింది. ఇప్పుడు మీకు అడ్డమొచ్చేవి మహా అయితే ఎన్నికలు.

ఆ తర్వాత 1971 జనవరి 20న ఇందిరాగాంధీ వేసిన స్టీల్‌ప్లాంట్ రాయి మీ అందరికీ పెద్దన్న. దాని కోసం 1966లో జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారు. 64 ఊళ్లు ఖాళీ చేశారు. మొదటి కొలిమి వెలిగి, పీవీ గారు 1992 ఆగస్టు 1న జాతికి అంకితమిచ్చేసరికి ఇరవై ఒక్క ఏళ్లు. ఆలస్యమైనా గాజువాకని పట్నం చేసింది ఆ రాయే. అప్పట్లో పెళ్లిళ్ల పేరయ్య 'స్టీల్‌ప్లాంట్‌లో పర్మినెంటు' అంటే పిల్ల తరఫువాళ్లు జాతకం అడగడం మరిచిపోయేవారు. భూములు పోయినవాళ్లకి ఉద్యోగం కోసమని ఇచ్చిన ఆర్ కార్డు చేతబట్టుకుని, పిలుపు రాకుండానే ముసలివాళ్లైపోయిన నిర్వాసితులూ ఉన్నారు. వాళ్ల జాతకాలు ఎవరూ చూడలేదు. 2021 జనవరి 27న ఆ ప్లాంటుని కేంద్రం వాళ్లు నూటికి నూరు శాతం అమ్మేస్తామన్నారు, కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు, స్వీట్లు పంచారు. అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల్ని వేలల్లో తగ్గించారు. స్వీట్లు మాత్రం వెనక్కి అడగలేదు.

ఇక మీలో కవలలు కూడా ఉన్నారు. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరి 14న ఒక ముఖ్యమంత్రి రాయి వేశారు. 2023 మే 3న ఇంకో ముఖ్యమంత్రి ఇంకో రాయి వేశారు. అదానీ వాళ్ల డేటా సెంటరుకీ, అంటే కంప్యూటర్లు పేర్చిపెట్టే గోదాముకీ, సరిగ్గా ఆ రెండు తేదీల్లోనే రెండు రాళ్లు. నా వృత్తి ధర్మం ప్రకారం ఇది మంచి సంప్రదాయం. దీన్ని ఆసుపత్రులకీ, వంతెనలకీ కూడా విస్తరించాలని మనవి.

డేటా సెంటర్ అంటే గుర్తొచ్చింది. 2025 అక్టోబరు 14న గూగుల్ వాళ్లు ఇక్కడ అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లు పెడతామన్నారు. ఊరికి గొప్పే, కాదనను. కానీ అలాంటిది కట్టేటప్పుడు మనుషులు కావాలి, కట్టాక కరెంటూ నీళ్లూ కావాలి. మా వీధిలో ఆ రెంటికీ మేమే క్యూలో ఉన్నాం. ఋషికొండ దగ్గర 21.16 ఎకరాలు 99 పైసల లెక్కన సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్‌కి ఇచ్చారు, 12,000 ఉద్యోగాలు రావాలి. రానివ్వండి, చల్లగా ఉండనివ్వండి. 99 పైసలకి మా కొట్లో వాక్యం చివర చుక్క కూడా పెట్టం, అదొక్కటే నా బాధ.

ఇప్పుడు మా గుంటడి, అదే మా అబ్బాయి సంగతి. ఐటీఐ ఫిట్టర్. కంచరపాలెం జాబ్ మేళాకి పదహారు జిరాక్స్ కాపీలతో వెళ్లాడు. టేబుల్ అవతలాయన "అనుభవం ఉందా?" అన్నాడట. "ఉద్యోగం ఇస్తే వస్తుందండీ" అన్నాడు వీడు. నవ్వి చెన్నై దగ్గర పని ఉందన్నారు. జీతంలో గది అద్దె, మెస్సు పోగా మిగిలేది బస్సు చార్జీలకి సరి. అందుకని ఇక్కడే షట్‌డౌన్ పనులకి వెళ్తున్నాడు. మీకు తెలియకపోవచ్చు, రిపేర్ల కోసం ప్లాంటు ఆపితే షట్‌డౌన్ అంటారు. ఇరవై రోజులో, నెలో, రోజుకి పన్నెండు గంటలు. ప్లాంటు మళ్లీ స్టార్ట్ అయిన రోజు వాడి గేట్ పాస్ అయిపోతుంది. ఊళ్లో కంపెనీ ఆగితే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, కంపెనీ నడిస్తే వాడు మంచం మీద పడుకుని ఫోన్ చూస్తాడు. కిందటిసారి ఒక కాంట్రాక్టరు పీఎఫ్ కోశాడు గానీ కట్టలేదు. ఎవరో చెప్పను, మళ్లీ షట్‌డౌన్ ఉంది.

పక్కింటి పిల్ల మాత్రం అచ్యుతాపురం సెజ్‌లో, అంటే ఎగుమతి కంపెనీల కోసం పెట్టిన ప్రత్యేక మండలిలో, బట్టలు కుడుతుంది. తెల్లవారుజామున కంపెనీ బస్సు వచ్చి హారన్ కొడితే జడ సగం వేసుకునే ఎక్కుతుంది. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు వేలమంది అలాగే వెళ్తున్నారు. కాబట్టి అన్నీ ఉత్తివే అంటే కళ్లు పోతాయి. తొమ్మిది గంటల పనిని పదికి పెంచుతూ 2025లో రాష్ట్ర క్యాబినెట్ నిర్ణయం తీసుకుంది. ఉద్యోగాలు పెంచడం కష్టం గానీ గంటలు పెంచడానికి ఒక సాయంత్రం మీటింగ్ చాలు. దానికి రాయి కూడా వేయలేదు. నాకు గిట్టుబాటు కాలేదు.

నా మనవి ఒక్కటే. ఇకమీదట మీ పొట్ట కింద నాలుగు అంగుళాలు ఖాళీ వదలమనండి. అయిదేళ్లకి వచ్చి, ఎంతమందికి పని దొరికిందో, అందులో పర్మినెంటు ఎందరో, కాంట్రాక్టు ఎందరో కొట్టిపెడతాను. అక్షరానికి పైసా తీసుకోను. అంకెలే కదా, పెద్ద చోటు కూడా పట్టదనుకుంటాను.

ఇది రాస్తుండగానే ఫోన్ వచ్చింది. మీ తమ్ముడు తయారవ్వాలట. గౌరవనీయులు పదకొండు మంది. పేర్లన్నీ వాట్సాప్‌లో వచ్చేశాయి, ఏం కడుతున్నారో సాయంత్రానికి చెప్తామన్నారు. తేదీ ఖరారు కాలేదు, ఆ చోటు పెన్సిల్‌తో గీసి వదిలేశాను. మబ్బు పట్టింది. రాయి తడవకుండా మా కొట్టు వెనక రేకుల మీదున్న పాత ఫ్లెక్సీ లాక్కొచ్చి కప్పాను. '6 లక్షల ఉద్యో' వరకే ఉంది, మిగతాది చిరిగిపోయింది. రాయికి సరిగ్గా సరిపోయింది.

ఇట్లు,
మీ అక్షరాలవాడు