నలభై వేల కుక్క, యాభై రూపాయల చట్టం

ప్రైవేటు జంతు సంరక్షణ సంస్థల నిరంకుశత్వం మీద ఇంతవరకు ఒక్క విచారణ సంఘమైనా వేయకపోవడం మిక్కిలి శోచనీయం. చందాల మీద బతుకుతూ, ఊరి చివర రేకుల షెడ్లలో నెట్టుకొస్తూ, మందుల దుకాణానికి బాకీ పడే ఈ సంస్థలు గౌరవనీయులైన పౌరులను ప్రశ్నలు అడిగే స్థాయికి ఎదిగాయి.

నా సంగతే చూడండి. మంచులో బండి లాగడానికి పుట్టిన హస్కీ జాతి కుక్కను తెచ్చి, మే నెల హైదరాబాదులో ఐదో అంతస్తులో పెంచడానికి ఎంత సాహసం ఉండాలి! ధర నలభై వేలు. కళ్లు నీలం, మా సోఫా కూడా నీలం. అమ్మిన పెద్దమనిషి అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: ఫోన్‌పేనా, గూగుల్ పేనా? పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి దగ్గర నమోదు చేసుకోవాలనీ, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదనీ 2017లో కేంద్రం నిబంధనలు చేసిందట. ఆయన అలాంటి వాటితో నన్ను విసిగించలేదు. మెట్రో పిల్లరు పక్కన అట్టపెట్టె చేతిలో పెట్టి, చీకట్లో కలిసిపోయాడు. సేవ అంటే అదీ!

పిల్ల పెద్దదైంది. ఏసీ లేనిదే ఉండదు. సాంబారులోనూ దాని బొచ్చే. పైగా అది మొరగదు, ఊళ పెడుతుంది. ఒక రాత్రి పై అంతస్తువారు మా ఇంట్లో ఎవరో పోయారనుకుని పలకరించడానికి వచ్చారు. ఇక లాభం లేదని ఒక సంస్థకు ఫోన్ చేశాను.

"ఎందుకు వదిలించుకోవాలనుకుంటున్నారండీ?" అని అడిగింది ఆ అమ్మాయి. అమెరికా ప్రయాణం, అద్దె ఇంటి యజమాని, కోడలి కాన్పు, వాస్తు అంటూ లోకంలో చెలామణిలో ఉన్న కారణాలన్నీ వరుసగా చెప్పాను. ఇప్పటికే ఉన్న హస్కీలకు కూలర్లు చాలడం లేదట. కొత్త ఇల్లు వెతికే ప్రకటన వాళ్లే వేస్తారట, ఇల్లు దొరికేదాకా కుక్కను మాత్రం నేనే చూసుకోవాలట. నా కుక్కను నేనే చూసుకునే పక్షంలో ఆ సంస్థ దేనికి?

తీసుకోవడంలో ఇంత పిసినారితనం చూపేవాళ్లు ఇవ్వడంలో ఉదారంగా ఉంటారనుకుంటే అదీ లేదు. మా బావమరిది షాద్‌నగర్ దగ్గర ఫామ్‌హౌస్ కాపలాకు ఒక కుక్కను అడగబోయాడు. ఇల్లు చూడటానికి వస్తామన్నారు. ఊళ్లో లేనప్పుడు అన్నం ఎవరు పెడతారన్నారు. టీకాలకు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషనుకు ఒప్పుకుంటూ సంతకం పెట్టాలన్నారు. సాకలేకపోతే రోడ్డు మీద వదలకుండా తిరిగి తమకే అప్పగించాలన్నారు. చివరికి, పగలంతా గొలుసుతో కట్టేసే చోటికి ఇవ్వబోమని చెప్పి పంపించేశారు. ఇంతా చేసి వాళ్లు చూపించింది వీధిలో దొరికిన నాటు కుక్క! ఊరికే ఇచ్చేదానికి ఇన్ని షరతులా అని బావమరిది ఇప్పటికీ బాధపడుతుంటాడు. వాడు దాన్ని చూడటానికి కూడా ఇష్టపడలేదు, అది వేరే విషయం.

ఇక మా అపార్ట్‌మెంట్ సంఘం గోడు. గేటు దగ్గరి నాలుగు కుక్కలను ఎక్కడైనా దూరంగా వదిలిరమ్మని సంఘం తరఫున రాత్రి పదకొండింటికి ఆ సంస్థకే మర్యాదగా ఫోన్ చేశాం. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలని పాఠం చెప్పారు. బడులు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల నుంచి పట్టినవాటిని మళ్లీ అక్కడ వదలవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది కనుక, మా అపార్ట్‌మెంటును బస్టాండుగా ప్రకటించాలని తీర్మానం చేశాం. డెలివరీ బండ్ల రద్దీని సాక్ష్యంగా జతపరిచాం.

అదృష్టవశాత్తూ చట్టం మా పక్షాన ఉంది. నృత్యకళాకారిణి, అప్పటి రాజ్యసభ సభ్యురాలు రుక్మిణీదేవి అరుండేల్ పట్టుబట్టడంతో వచ్చిన 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం, పెంచిన జంతువును ఆకలిదప్పులకు వదిలేయడం నేరమే. మొదటిసారి జరిమానా పది రూపాయలకు తగ్గదు, యాభైకి మించదు. మూడేళ్లలో మళ్లీ చేస్తే వంద దాకా వెళ్లవచ్చు, మూడు నెలల జైలు కూడా పడవచ్చు. అయినా మూడేళ్లలో రెండో హస్కీని కొనే స్తోమత ఎందరికి ఉంటుంది? ఆనాడు యాభై అంటే పెద్ద మొత్తమే. తర్వాత దశాబ్దాలు గడిచినా ఆ అంకె పెరగలేదు. బంగారం, పెట్రోలు, కుక్కపిల్లలు అన్నీ మండిపోతున్న దేశంలో సామాన్యుడికి అందుబాటులో మిగిలిన ధర ఇదొక్కటే.

కనుక మొన్న అర్ధరాత్రి హస్కీని కారెక్కించుకుని ఆ సంస్థ గేటు దగ్గరికే వెళ్లాను. సరిగ్గా నాలాంటివాళ్లు కట్టేసే కడ్డీకి ఎదురుగా సీసీ కెమెరా బిగించారు! మూగజీవాల తిండికని ఇచ్చిన చందాలను ఇలాంటి వాటికి ఖర్చుపెట్టడం ఏమి న్యాయమో దాతలే నిలదీయాలి. నేను దాతను కాను, కాబట్టి నిలదీయలేను. అయితే ఆ యాభై రూపాయలు కట్టాల్సి వస్తే, దాన్ని విరాళం కింద చూపించి ఆదాయపు పన్నులో మినహాయింపు కోరవచ్చా అని మా ఆడిటరును అడిగాను. ఆయన ఇంకా జవాబు చెప్పలేదు.