రెండు భాషల వెబ్‌సైటుకు రెట్టింపు చాకిరీ

కొరియన్‌లోనూ ఇంగ్లీషులోనూ సొంత వెబ్‌సైటు నడిపేవారికి రాతకోతల కంటే మరమ్మతులకే ఎక్కువ సమయం పోతోందన్నది నా ఆవేదన. ఉచితంగా దొరికే డిజైన్లలో చాలావరకు ఇంగ్లీషును దృష్టిలో పెట్టుకొని తయారైనవే. బ్రౌజర్లు కొరియన్ మాటను ఏ అక్షరం దగ్గరైనా విరిచేస్తాయి కాబట్టి, ఫోను తెరపై శీర్షికలోని చివరి మాట పై వరుసలో సగంలో ఆగిపోయి, మిగిలిన ఒంటి అక్షరం కింది వరుసలో అనాథలా పడి ఉంటుంది. పేజీ రూపాన్ని నిర్దేశించే సీఎస్ఎస్‌ కోడులో వర్డ్-బ్రేక్ అనే అమరికకు కీప్-ఆల్ అని ఒక్క ముక్క రాస్తే ఇది ఆగుతుంది, అయినా దాన్ని ముందే చేర్చిపెట్టే ఓపిక డిజైన్లు తయారుచేసే చాలామందికి లేదు. ఫాంటు సంగతి మరీ ఘోరం. కంప్యూటర్లలో అన్ని భాషల అక్షరాలకూ సంకేతాలిచ్చే యూనికోడ్‌లో హాంగుల్ (కొరియన్ లిపి) అక్షరాలు 11,172 ఉన్నాయి గనుక, ఫాంటు ఫైలును ముక్కలు చేసి అవసరమైనంత మేరకే పంపకపోతే పేజీ తెరుచుకోవడానికే ఆలస్యమవుతుంది (ఇంగ్లీషుకు ఈ బాధ దాదాపు లేదు). ఇవన్నీ సర్దుకున్నాక డిజైన్‌కు కొత్త వెర్షన్ వస్తుంది, మనం చేసుకున్న మార్పులు తుడిచిపెట్టుకుపోతాయి, భాష మార్చే బటను నొక్కితే అదే వ్యాసం కొరియన్ ప్రతికి వెళ్లకుండా మొదటి పేజీలో దిగబెడుతుంది. డిజైన్ విడుదల చేసే ముందు ఒక్క కొరియన్ పేజీనైనా ఫోనులో తెరిచి చూడమని వేడుకుంటున్నాను.