పాదాలతో విన్నాను, భూమి మండిపడింది

ఏప్రిల్ 29న అంతర్జాతీయ నృత్య దినోత్సవం జరపాలని 1982లో తీర్మానించిన పెద్దలకు పంచాంగం చూసే అలవాటు లేదని ముందుగా మనవి చేసుకుంటున్నాను. ఫ్రెంచి బ్యాలే గురువు జాన్ జార్జ్ నోవేర్ 1727లో ఆ రోజున పారిస్‌లో పుట్టాడు. పారిస్‌లో అది వసంతం. హైదరాబాదులో భరణి కార్తె. పుట్టడంలో ఆయన తప్పేమీ లేదు, ఒప్పుకుంటాను. కానీ ఓ ఆరు నెలలు ఆలస్యంగా, ఏ కార్తీక మాసంలోనో పుట్టి ఉంటే నా అరికాళ్ళు ఈపాటికి నేల మీద ఆనేవి.

సందర్భం చెబుతాను. ఆ రోజు మా ఇంటి దగ్గరి పార్కులో, ఆరుబయట కాంటెంపరరీ డ్యాన్స్ వర్క్‌షాప్ పెట్టారు. ఉదయం ఏడు నుంచి పదిన్నర దాకా. ఫీజు 1,200. అనుభవం అవసరం లేదన్నారు. నాకున్న అర్హత అదొక్కటే కాబట్టి చేరాను. వయసు 54, నడుము 40.

ఆరుబయట నాట్యం ఇవాళ పుట్టింది కాదు. కాలిఫోర్నియాలో అన్నా హాల్‌ప్రిన్ అనే ఆవిడ 1950ల్లోనే ఇంటి పక్క చెట్ల మధ్య నాట్యం చేసింది. ఆవిడ భర్త లారెన్స్ తోటలకీ పార్కులకీ రూపకల్పన చేసే మనిషి. భార్య కోసం కొండవాలున పెద్ద చెక్క వేదిక కట్టించాడు. కళాపోషణలో మా ఆవిడా తక్కువ తినలేదు. ఒక పాత దుప్పటి, సీసాలో మజ్జిగ, "పదింటికల్లా వచ్చెయ్యండి, గ్యాస్ అబ్బాయి వస్తాడు" అనే మాటా ఇచ్చి పంపింది.

గురువుకి పాతికేళ్ళుంటాయి. మొదట "అంకుల్" అంది, నా మొహం చూసి "సర్" అంది. "అందరూ చెప్పులు విప్పండి. పాదాలతో భూమిని వినండి" అంది. ఇసడోరా డంకన్ అనే అమెరికన్ నర్తకి వట్టి కాళ్ళతో ఆడితే అప్పట్లో యూరప్ అంతా నోరెళ్ళబెట్టిందట. మనం చెప్పులు విప్పితే ఎవరూ నోరెళ్ళబెట్టరు. తిరిగొచ్చేసరికి అవి అక్కడే ఉంటే మనమే నోరెళ్ళబెడతాం.

సరే, విన్నాను. ఏడున్నరకి భూమి గొణిగింది. తొమ్మిదిన్నరకి గడ్డి దాటి బండల మీదికి రమ్మన్నారు, అప్పుడు మండిపడింది. మధ్యలో ఒక పల్లేరుకాయ కూడా తన అభిప్రాయం చెప్పింది. నేను ఒంటికాలి మీద గెంతాను. "నైస్ సర్! దాన్ని వదలకండి" అంది గురువు. వదలనిది నేను కాదు, పల్లేరుకాయ. ఈలోగా ఇద్దరు ముగ్గురు నన్ను చూసి గెంతడం మొదలుపెట్టారు. ఒకావిడైతే పల్లేరుకాయ లేకుండానే నాకన్నా బాగా గెంతింది.

వీధి భాగవతం ఆడిన మన పెద్దలు ఊరికే ఆడలేదని నాకు ఒంటికాలి మీదే అర్థమైంది. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టేవారు. ఇద్దరు తెర పట్టుకుంటే సత్యభామ వెనక నుంచి జడ ఇవతలికి వేసేది. కాగడాల మీద గుగ్గిలం చల్లితే భగ్గుమని వెలుగు. తెల్లారేసరికి మంగళం. గుగ్గిలం కొనుక్కుని మరీ రాత్రిపూట ఆడారు గానీ, ఉచితంగా వస్తోంది కదా అని పగటి ఎండలో ఆడలేదు.

అన్నిటికన్నా పెద్ద ఘట్టం పాకడం. పద్నాలుగు మందిమి గడ్డిలో బోర్లా పడుకుని, అరచేతులతో నేల తడుముతూ, నిమిషానికి అడుగు చొప్పున ముందుకు పోవాలి. వాచ్‌మన్ వచ్చి నా నెత్తి దగ్గర నిలబడ్డాడు.

"ఏం పోయింది సార్?"

"ఏం పోలేదు. డ్యాన్స్."

ఆయన కాసేపు ఆలోచించాడు. తర్వాత గొంతు తగ్గించి, "బంగారమా?" అన్నాడు.

నేను జవాబు చెప్పేలోపే కర్ర పక్కన పెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని, గడ్డిని పాయలు తీస్తూ వెతకడం మొదలుపెట్టాడు. గురువు మమ్మల్నందరినీ ఆపేసింది. "ఆయన్ని చూడండి. ఆ చేతుల్లో ఎంత ఇంటెన్షన్ ఉందో! మీ చేతుల్లో అది లేదు." అందరం లేచి కూర్చుని ఆయన చేతులే చూశాం. పది నిమిషాలకి ఆయనకొక చెవిదిద్దు మర దొరికింది. మాలో ఎవరిదీ కాదన్నాం. మొహమాటానికి అంటున్నామనుకున్నాడు.

ఇంతలో గురువు స్టీవ్ పాక్స్టన్ అనే అమెరికన్ గురించి చెప్పింది. 1967లో ఆయనొక నృత్యం కూర్చాడట. పదుల మంది మామూలు మనుషులు ఒక పక్క నుంచి ఇంకో పక్కకి నడుస్తారు, నిలబడతారు, కుర్చీలో కూర్చుంటారు, లేచి వెళ్ళిపోతారు. అంతే. వినగానే మా చూపులన్నీ వాకింగ్ ట్రాక్ మీదికి పోయాయి. అక్కడ షుగరున్న కళాకారులు నడుస్తున్నారు, నిలబడుతున్నారు, బెంచీ మీద కూర్చుని మా వంక చూస్తున్నారు. ఒక్కరూ 1,200 కట్టినవాళ్ళు కారు.

"పాపం, ఏదో ఆశ్రమం వాళ్ళలా ఉన్నారు" అంది ఒకావిడ.

"కాదే, కంపెనీ ట్రైనింగు" అన్నాడు భర్త.

"ఈ వయసులో కూడానా!" అని ఆవిడ నన్ను చూసి నిట్టూర్చింది. నేను ఇంకో అడుగు పాకాను.

అందుచేత నేను కోరేది ఒకటే. తెలుగువాళ్ళ వరకు నృత్య దినోత్సవాన్ని కార్తీక మాసానికి మార్చాలి. కుదరదంటే ఏప్రిల్ 29 రాత్రి పదింటికి పెట్టాలి. గుగ్గిలం ఖర్చు నిర్వాహకులదే.

ఈ విన్నపం రాసేది మంచం మీద నుంచి. గ్యాస్ అబ్బాయి వచ్చి వెళ్ళిపోయాడు. మా ఆవిడ అరికాళ్ళకి ఆముదం రాసింది గానీ మాట్లాడలేదు. ఆ మౌనం కూడా ఒక మూవ్‌మెంట్ అని గురువు చెప్పే ఉంటుంది.

నిన్న మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. రెండో వర్క్‌షాప్ మే 25న. అంశం 'ఎండతో సంభాషణ'. అది రోహిణి కార్తె అనీ, రోహిణి కార్తెకి రోళ్ళు పగులుతాయనీ పెద్దవాడిగా నా బాధ్యత కొద్దీ రాశాను.

"వావ్ సర్, ఎంత మంచి ఇమేజ్! అదే చేద్దాం. రోలు మీరే" అని జవాబొచ్చింది.