లూయిస్ గారి ఫైలు వెనక్కి పంపుతున్నాం

పరిశోధకుల ప్రమోషన్లు తేల్చే కమిటీలో నన్నెవరూ ఇంతవరకు వేయలేదు. రేపో మాపో వేస్తారన్న నమ్మకంతో ఇంట్లోనే ప్రాక్టీసు మొదలుపెట్టాను. మొదటి ఫైలు అమెరికాలోని కాల్టెక్ అనే సైన్సు యూనివర్సిటీది. అభ్యర్థి ఎడ్వర్డ్ లూయిస్, సబ్జెక్టు జన్యుశాస్త్రం, బతుకంతా అరటిపళ్ల మీద ముసిరే చిన్న ఈగలతోనే.

పుట్టింది 1918లో. హైస్కూల్లో ఉండగానే ఒక సైన్సు పత్రికలో ప్రకటన చూసి ఈగలు తెప్పించుకున్నారట. మన ఇళ్లలో అయితే ఈగల్ని తోలడానికి ఖర్చు పెడతారు. 1942లో పీహెచ్‌డీ, ఆ వెంటనే యుద్ధం, సైన్యంలో వాతావరణం చెప్పే ఉద్యోగం. దీన్ని కెరీర్ గ్యాప్ అంటారు. సంజాయిషీ జత చేయలేదు. 1946లో కాల్టెక్‌కు తిరిగొచ్చి ఇక కదల్లేదు.

ఇక చేసిన పని. ఈ ఈగకు రెండే రెక్కలు. వాటి వెనక డ్రమ్ము పుల్లల్లాంటి రెండు బుడిపెలుంటాయి, ఎగిరేటప్పుడు ఒళ్లు తూలకుండా. 1915లో కాల్విన్ బ్రిడ్జెస్ అనే ఆయనకు ఆ బుడిపె రెక్కలా మారబోతున్న ఈగ ఒకటి దొరికింది. ఎందుకలా అని బైథొరాక్స్ అనే ఆ జన్యువుల వెంట లూయిస్ గారు 30 ఏళ్లకు పైగా పడ్డారు. అర్ధరాత్రి లాబ్‌లో కూర్చోవడం, మత్తిచ్చిన ఈగల్ని మైక్రోస్కోపు కింద పోసుకోవడం, సన్నటి కుంచెతో ఒక్కోదాన్ని పక్కకు జరుపుతూ దేనికి ఏది ఎక్కడ మొలిచిందో చూడటం. అలా ఏరి, జతకట్టించి, మ్యుటేషన్లన్నీ, అంటే జన్యువుల్లో వచ్చిన మార్పులన్నీ, ఒకే ఈగలోకి చేర్చేసరికి బుడిపెల చోట నిండు రెక్కలొచ్చాయి. నాలుగు రెక్కల ఈగ! పాపం, అది ఎగరలేదనుకోండి. మధ్యమధ్యలో ఫ్లూట్ వాయించుకునేవారు. అది ఏ కాలమ్‌లో రాయాలో తెలియలేదు.

ఇంకో సంగతి కూడా ఆయన గమనించారు. ఈగ ఒంట్లో ముందు నుంచి వెనక్కి భాగాలు ఏ వరుసలో ఉన్నాయో, వాటిని శాసించే జన్యువులు క్రోమోజోమ్ మీద అదే వరుసలో ఉన్నాయి. హైదరాబాద్ కాలనీల్లో ఇంటి నంబర్లకు లేని క్రమం ఈగ క్రోమోజోమ్‌కు ఉందన్నమాట. 1980ల్లో చూస్తే ఎలుకల్లోనూ మనుషుల్లోనూ ఇదే కుటుంబం జన్యువులు, ఇదే వరుస. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ ఈ బైథొరాక్స్ జన్యువుల మీద పని జరిగింది.

సరే, బాగుంది. పేపర్లెన్ని?

కొంప ఇక్కడే మునిగింది. ఈ 30 ఏళ్ల సారమంతా 1978లో నేచర్ పత్రికలో ఒకే ఒక్క వ్యాసంగా వేశారు. ఆరు పేజీలు, రచయిత ఒక్కరే. హెచ్‌ఓడీ పేరు లేదు, పరికరం కొనిపెట్టినవారి పేరు లేదు, పక్క గది మిత్రుడి పేరు లేదు. ఇంత మొహమాటం లేని మనిషిని నేను చూడలేదు. పైగా చదివితే అర్థం కాదని ఆ రంగంలోవాళ్లే అనుకునేవారు. 1957లో మాత్రం దారి తప్పి, రేడియేషన్‌కూ లుకేమియాకూ సంబంధం మీద సైన్స్ పత్రికలో వ్యాసం రాశారు. అణుపరీక్షల రోజుల్లో అది పెద్ద గొడవకే దారితీసింది. సబ్జెక్టు వేరు కాబట్టి పాయింట్లు ఇవ్వలేం.

మరో చిక్కు. మగ ఈగలకు రసాయనం తినిపించి మ్యుటేషన్లు పుట్టించే పద్ధతిని 1968లో ఒక సహచరుడితో కలిసి చిన్న నోట్‌గా రాశారు. ఈగలవాళ్లు దశాబ్దాలుగా దాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. కానీ అచ్చయింది ఈగలవాళ్లు తమలో తాము పంచుకునే బులెటిన్‌లో! పత్రిక స్థాయిని కొలిచే అంకె, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అడిగితే ఏం చెప్తారు? 2010లో యూజీసీ లెక్చరర్ల పనికి పాయింట్లు లెక్కగట్టే ఏపీఐ స్కోరు పెట్టాక మన లెక్చరర్లు సెమినార్ సర్టిఫికెట్లు జిరాక్స్ తీయించి, ట్యాగు కట్టి, ఎంత పద్ధతిగా ఫైలు చేశారో ఈయన ఒకసారి చూసి ఉండాల్సింది.

చివరి ఆశ హెచ్ ఇండెక్స్, అంటే పరిశోధకుడి విలువను ఒక్క అంకెలో చెప్పే లెక్క. మీ పేపర్లలో 20 పేపర్లను ఒక్కోదాన్ని కనీసం 20 సార్లు ఇతరులు ఉదహరిస్తే మీ విలువ 20. హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త 2005లో ఈ లెక్క చెప్పారు. లూయిస్ గారు 2004లోనే కన్నుమూశారు. తన విలువెంతో తెలుసుకోకుండానే!

1995లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చినట్టు ఫైల్లో ఒక కాగితం ఉంది. అప్పటికి వయసు 77. రిటైరైనవారి అవార్డులు ‘ఇతరములు’ కిందికి వస్తాయి, గరిష్ఠంగా 2 పాయింట్లు. వేశాం.

కాబట్టి ఫైలు వెనక్కి పంపుతున్నాం. ఆ నాలుగు రెక్కల ఈగను రెక్కకో పేపర్ చొప్పున నాలుగు పేపర్లు చేసి, ఒక్కోదానికి ఆరుగురు రచయితల్ని చేర్చి, మళ్లీ అప్లై చేసుకోమనండి.