టూ ఎబి స్టాకు లేదు

బీజగణితమంటే పిల్లలకు భయమని, ఆ భయాన్ని థర్మోకోల్‌తో పోగొట్టవచ్చని మన విద్యావేత్తలు కనిపెట్టారు. వారికి నమస్కారం. ఆ పుణ్యంలో మా శ్రీకాకుళం తండ్రులకూ వాటా దక్కింది. ఎనిమిదో తరగతి పిల్లల డైరీల్లోకి ఆదేశం దిగింది: 'ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ నమూనా చేసి సోమవారం తేవాలి. ఆకర్షణీయంగా ఉండాలి.' చివరి వాక్యం కింద ఎర్ర సిరాతో రెండు గీతలు. పాఠం కూడా ఆకర్షణీయంగా ఉండాలని ఎవరూ గీత గీయలేదు. అది వేరే శాఖ కాబోలు.

నమూనా అంటే నాలుగు ముక్కల చతురస్రం: ఎ స్క్వేర్ ఒకటి, బి స్క్వేర్ ఒకటి, ఎబి దీర్ఘచతురస్రాలు రెండు. ఆ రెండూ కలిపితే టూ ఎబి. జిల్లాలో గణితంపై మక్కువ ఎంత పెరిగిందో చూడాలంటే ఆదివారం రాత్రి తొమ్మిదిన్నరకు ఏడు రోడ్ల కూడలి దగ్గర స్టేషనరీ దుకాణానికి వెళ్లాలి. షట్టరు సగం దించి ఉంటుంది. గెజిటెడ్ అధికారులు సైతం నడుం వంచి దాని కిందుగా లోపలికి దూరుతుంటారు.

"బాబూ, ఎ స్క్వేర్ ఉందా?"

"పెద్దదా, చిన్నదా సార్?"

"చిన్నదైతే అది బి స్క్వేర్ అవుతుంది కదయ్యా!" అని వెనకనుంచి ఒక బ్యాంకు ఉద్యోగి.

"సరే, టూ ఎబి ఇవ్వు."

"ఒక్కటే మిగిలింది సార్. గులాబి రంగుది."

"టూ అన్నానయ్యా."

"ఇప్పటికి ఒకటి తీసుకెళ్లండి, రెండోది రేపు పదింటికి ఇస్తాను."

ఈ బేరం తెగేలోగా ఇంకో తండ్రి ఆ ఒక్క ఎబినీ అందుకున్నాడు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని మర్యాదగానే లాగారు. అది టప్పున విరిగింది. దుకాణదారు ఏమాత్రం తొణక్కుండా, "ఇప్పుడు రెండున్నాయి కదా సార్, చెరొకటి తీసుకోండి" అన్నాడు. ఆ రాత్రి ఊరు మొత్తంమీద జరిగిన గణిత చర్చ అదొక్కటే. అదీ తప్పు.

ఇక ఇంటికి వెళ్లాక థర్మోకోల్ కోస్తుంటే పళ్లు జివ్వుమంటాయి. తెల్లటి పూసలు మోచేతులకు అంటుకుని ఎంత దులిపినా వదలవు. ఫెవికాల్ ఆరకముందే చెమ్కీ చల్లాలి, అది తల్లి పని. విద్యార్థి నిద్రపోతుంటాడు. పెద్దల చదువులో పిల్లలు జోక్యం చేసుకోకూడదు.

బొమ్మలో దోషం లేదు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాదులో గణితవేత్త అల్ ఖ్వారిజ్మీ చతురస్రం పక్కన దీర్ఘచతురస్రాలు చేర్చి సమీకరణాలు సాధించి చూపాడు. ఆయనకు చెమ్కీ అవసరం పడలేదు. హోల్ స్క్వేర్ అనగానే ఎ స్క్వేర్ ప్లస్ బి స్క్వేర్ అని రాసేసి చేతులు దులుపుకునే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్లను ఒక్క మాట అడగండి. పదీ రెండూ పన్నెండు. పన్నెండు పన్నెండ్లు 144. మీ లెక్కలో 100, దానికి 4 కలిపి 104 వచ్చింది. మిగతా 40 ఎవరు తిన్నారు? ఎవరు తిన్నారో ఆరా తీసే విద్య మన పిల్లలకు ఒకరు నేర్పక్కర్లేదు. నేల మీద సుద్దముక్కతో పన్నెండు గళ్ల చతురస్రం గీసి, పదో గడి దాటగానే నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీస్తే దొంగలిద్దరూ దొరికిపోతారు: పక్కన ఇరవై గళ్లు, కింద ఇరవై గళ్లు. ఖర్చు అర సుద్దముక్క.

అదే తరగతిలో ఒక అమ్మాయి ఉంది. తండ్రి గుజరాత్‌లో, వెరావల్ రేవులో చేపల పడవ మీద. పిల్ల నాయనమ్మ దగ్గర. షట్టరు కింద దూరడానికి ఆ ఇంట్లో ఎవరూ లేరు. పాత క్యాలెండరు కాగితం వెనక స్కేలుతో గళ్లు గీసి, నాలుగు భాగాల్లో 100, 20, 20, 4 అని పెన్సిలుతో రాసి తెచ్చింది. పదికి మూడు మార్కులు. 'రంగులు లేవు' అని పక్కన రాశారు.

సిగ్గనిపించలేదా? తరగతి మొత్తానికి లెక్క తెలిసి చేసిన కాగితం అదొక్కటే. దాన్ని మూలన పడేసి, నిద్రపోయిన పిల్లవాడి తండ్రి పనితనానికి పదికి పది వేసి, ఫొటో తీసి పైఅధికారులకు పంపారు. ఎవరి నాన్న ఊళ్లో ఉన్నాడు, ఎవరి నాన్న జేబులో డబ్బుంది అని తెలుసుకోవాలనుకుంటే హాజరుపట్టీలో ఒక గడి పెంచుకోండి. బీజగణితాన్ని ఎందుకు అడ్డం పెట్టుకుంటారు?

వచ్చే నెల ఎ ప్లస్ బి హోల్ క్యూబ్ అట. అందులో ఎనిమిది ముక్కలుంటాయి. ఫెవికాల్ పెద్ద డబ్బా కొనిపెట్టుకోమని డైరీలో ఇప్పుడే రాశారు.