బీరు కంపెనీ మురుగునీళ్ల గారికి ఒక దండం

మురుగునీళ్ల గారూ, నమస్తే.

నేను నల్లగొండ జిల్లోన్ని, వాగు కింద రెండెకరాలుంది, మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు గానీ మీ వాసన నేను చీకట్ల కూడా గుర్తుపడ్త.

మీ రేంజ్ మస్తు పెరిగిందని మా బామ్మర్ది చెప్పిండు, ఆడు ఒక బీరు కంపెనీల ఈటీపీ ఆపరేటర్, అంటే మురుగునీళ్లు శుద్ధి చేసే ప్లాంటు నడిపేటోడు. లీటరు బీరుకు నాలుగు నుంచి ఏడు లీటర్ల నీళ్లు పడ్తయట, తాగేటోనికి పోయేది ఒక్క లీటరే, మిగిలిందాంట్ల శానా మట్టుకు సీసాలు కడిగి, ట్యాంకులు కడిగి మీరై బయటికొస్తరు. కడుపుల ఇంత చక్కెర, ఇంత ఈస్టు, ఇంత బీరు. పైసా పెట్టకుండ ఎక్కింది మీకే.

ఇగ మీకు జరిగే మర్యాద చూస్తే కుళ్లొచ్చింది నాకు. గాలి చొరని ట్యాంకుల కింది నుంచి పైకి మెల్లగ పంపిస్తరు, అందుల ఆవగింజలంత నల్ల గుండ్లు, గుండు నిండ బ్యాక్టీరియా, అవి మీ చక్కెర తిని గ్యాస్ ఇడుస్తయి. బామ్మర్ది గాజు గ్లాసుల పట్టి చూపిచ్చిండు, బుడగ పట్టుకొని గుండు పైకి లేస్తది, బుడగ పగలంగనే బుడుక్కున కిందికి దిగుతది, మళ్ల లేస్తది, టీ చల్లారేదాక అదే చూసుకుంట నిలబడ్డ. దీన్ని యూఏఎస్‌బీ అంటరు, 1970లల్ల నెదర్లాండ్స్‌ల తయారైందట. మా పెద్దనాయన గోబర్ గ్యాస్‌కు దూరపు చుట్టమే, కాకపోతే ప్యాంటు షర్టు ఏసుకుంది, పెండకు నెల పట్టే పని మీకు గంటలల్ల ఐపోతది.

ఐదువేల లీటర్ల ట్యాంకర్లు నాలుగైదు నింపి మిమ్మల్ని అరిగిస్తే ఇంట్ల సిలిండరంత మంట వస్తదట, చక్కెర ఎంతుందనేదాన్ని బట్టి అటూ ఇటూ. అది బాయిలర్‌కు పోతది. అటెన్క మీకు గాలి కొట్టి, ఇసుకల వడగట్టి, ఆర్వో పొరలల్ల దూరిచ్చి కూలింగ్ టవర్‌కు, నేల కడగనీకి పంపుతరు.

మా తాతకు ఒక్క పొర దొరకలే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దన్న ఫ్లోరైడ్, దానికి ఎన్ని రెట్లో తాగి, నడుము వంగి, మమ్మల్ని తలెత్తి చూడలేక పోయిండు. పటిక, సున్నం ఏసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మాత్రం నల్లగొండ టెక్నిక్ అని మా జిల్లా పేరే పెట్టిండ్రు, పేరైతే వచ్చింది.

సరే, నా అసలు బాధ వేరే. ఇంత రాజభోగం ఉండంగ వానపడ్డ రాత్రి మా వాగులకు ఎందుకొస్తరు సార్? బామ్మర్ది కంపెనీ కాదు, మాకు ఎగువన ఇంకోటుంది, పేరొద్దు. గేటు కాడ గాజు తొట్టి, శుద్ధి చేసిన నీళ్లేనంట, అందుల ఎర్ర చేపలు, ఎవరొచ్చినా ముందు ఆడికే తీస్కపోతరు. మిషన్లు మాత్రం చేపలంత హుషారుగ తిరగయి, కరెంటు బిల్లు ఎక్కువొస్తదట. పొద్దుగాల లేచి చూస్తే వాగు మీద మగ్గుల పోసినట్టు నురుగు, మా బర్రె మూతి పెట్టి, తుమ్మి, నా దిక్కు చూసింది, నేనే తాగి ఒంపిన్నన్నట్టు.

ఈసారి వచ్చేముందు ఒక మిస్డ్ కాల్ ఇయ్యుండ్రి, బర్రెను ఇంటికాడ్నే కట్టేసుకుంట.

ఇట్లు,
వాగు కింది రైతు