మరియాన వోస్‌ని ‘ఆడ మెర్క్స్’ అనకండి, దయచేసి

మొన్న ఆదివారం రైడ్ అయ్యాక నార్సింగి దగ్గర టీ తాగుతుంటే మా గ్రూప్‌లో ఒకాయన నెదర్లాండ్స్ సైక్లిస్ట్ మరియాన వోస్ పేరెత్తారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మన దగ్గర సైకిల్ తొక్కేవాళ్లలో కూడా ఆమె పేరు తెలిసినవాళ్లు తక్కువ. ఇంకేం, ఇవాళ మాట్లాడుకోవడానికి ఒకరు దొరికారనుకున్నాను. అంతలోనే ఆయన "ఆమె ఆడ మెర్క్స్ కదండీ" అన్నారు. మెచ్చుకుంటూనే అన్నారు, నాకు తెలుసు. అయినా మనసు చివుక్కుమంది. ఎందుకో అక్కడ సరిగ్గా చెప్పలేకపోయాను. నాలుగు రోజులుగా అదే బుర్రలో తిరుగుతోంది, అందుకే ఈ పోస్ట్. పెద్దదే అవుతుంది, ఓపికుంటే చదవండి.

ముందే చెప్తున్నా, బెల్జియం సైక్లిస్ట్ ఎడ్డీ మెర్క్స్ మీద నాకు కోపమేమీ లేదు. టూర్ ద ఫ్రాన్స్ ఐదుసార్లు, జిరో (ఇటలీ చుట్టూ సాగే అలాంటి రేసు) ఐదుసార్లు, మొత్తం 525 విజయాలు. 1972లో మెక్సికో సిటీలో గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కి రికార్డు పెట్టాడు. ఆయన ఆయనే. కానీ మెర్క్స్ సైకిలెక్కే నాటికే టూర్ ద ఫ్రాన్స్‌కి అరవై ఏళ్ల చరిత్ర ఉంది. అది గెలిస్తే చాలు, ప్రపంచమంతా పేరు చెప్పుకుంటుంది. వోస్ కెరీర్ మంచి ఊపులో ఉన్నప్పుడు ఆడవాళ్లకు అలాంటి టూరే లేదు. 1980ల్లో కొన్నేళ్లు నడిపి ఆపేశారు, తర్వాత వేరే పేర్లతో చిన్నగా సాగి అదీ ఆగిపోయింది. ఫలానాది గెలిస్తే చరిత్రలో నిలిచిపోతావు అని చెప్పడానికి ఒక్క రేసు లేని చోట ఆమె నిలబడింది. అందుకని ఎక్కడ రేసుంటే అక్కడికి వెళ్లింది. రోడ్డు మీదా, చెక్క ట్రాక్ మీదా, బురదలో సైకిల్ భుజానేసుకుని పరిగెత్తే సైక్లోక్రాస్‌లోనూ, చివరికి కంకర దారుల్లోనూ.

లెక్క చూడండి. సైక్లోక్రాస్‌లో ఎనిమిదిసార్లు ప్రపంచ విజేత. రోడ్డు మీద మూడుసార్లు: 2006, 2012, 2013. ట్రాక్ మీద రెండు: 2008లో పాయింట్స్ రేస్, 2011లో స్క్రాచ్ రేస్ (చివర్లో ముందు గీత దాటినవాళ్లదే గెలుపు). 2024లో బెల్జియంలోని లూవెన్‌లో గ్రావెల్, అంటే కంకర దారి, టైటిల్. మొత్తం పద్నాలుగు ఇంద్రధనుస్సు జెర్సీలు (ప్రపంచ విజేతకిచ్చే జెర్సీ అది). మొదటిది వచ్చినప్పుడు ఆమెకు 18 ఏళ్లు, చివరిది వచ్చినప్పుడు 37. ఇవిగాక రెండు ఒలింపిక్ స్వర్ణాలు, ఒకటి ట్రాక్ మీద, ఒకటి రోడ్డు మీద. ఆడవాళ్ల జిరో మూడుసార్లు. రోడ్డు రేసుల్లో విజయాలే 250 దాటాయి. ఈ మనిషిని పరిచయం చేయడానికి ఇంకొకరి పేరు అరువు తెచ్చుకోవాలా?

ఎవరైనా ఆమె రేసు ఒక్కటి చూస్తానంటే నేను 2008 బీజింగ్ పాయింట్స్ రేస్ చూడమంటాను. రోడ్ రేస్‌లో అప్పటికే ఆరో స్థానంతో సరిపెట్టుకుంది. వారం తిరిగేసరికి లావోషాన్ వెలోడ్రోమ్‌లో చెక్క ట్రాక్ మీదకొచ్చింది. ట్రాక్ సైకిల్‌కి బ్రేకులుండవు, గేర్ ఒక్కటే, చక్రం తిరుగుతున్నంతసేపూ కాళ్లు తిరగాల్సిందే. 250 మీటర్ల ట్రాక్, వంద ల్యాపులు, 25 కిలోమీటర్లు. ప్రతి పది ల్యాపులకో స్ప్రింట్. మొదటి నలుగురికి 5, 3, 2, 1 చొప్పున పాయింట్లు. అదీగాక గుంపులోంచి ముందుకు దూసుకెళ్లి, ట్రాకంతా చుట్టి, మళ్లీ ఆ గుంపు తోకని వెనకనుంచి అందుకుంటే ఒకేసారి 20 పాయింట్లు. చెప్పడం తేలికే. ఆ సగం ల్యాప్ దూరం వచ్చాక ఎదురుగా గుంపు కనిపిస్తుంటుంది, వెనకనుంచీ అదే గుంపు తరుముతుంటుంది, గాలికి అడ్డం ఎవరూ ఉండరు. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. వోస్ ఒంటరిగా వెళ్లి ఆ ల్యాప్ సాధించింది. 21 ఏళ్ల పిల్ల, ఒలింపిక్ ఫైనల్లో. రెండో స్థానంలో ఉన్న క్యూబా అమ్మాయికి అందనంత దూరంలో ముగించింది.

తర్వాత జరిగింది చాలామందికి తెలియదు. ఆమె స్వర్ణం గెలిచిన ఆ పోటీనే ఒలింపిక్స్‌లోంచి తీసేశారు! 2012 లండన్‌కి పాయింట్స్ రేస్ లేదు, వ్యక్తిగత పర్స్యూట్ (ట్రాక్‌కి చెరోవైపు నుంచి ఇద్దరు ఒకరినొకరు తరిమే పోటీ) లేదు, వాటి బదులు ఆమ్నియం, అంటే రకరకాల ట్రాక్ రేసులు కలిపిన పోటీ, పెట్టారు. టైటిల్ నిలబెట్టుకునే అవకాశమే లేకుండా పోయింది. ఇంకొకరైతే ఏం చేసేవారో తెలియదు. ఆమె రోడ్డెక్కింది. ఆ వేసవికి ముందే ఒక రేసులో పడి కాలర్‌బోన్ విరగ్గొట్టుకుంది. అయినా జూలై 29న లండన్ వానలో 140 కిలోమీటర్లు తొక్కి, బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందున్న మాల్ రోడ్డు మీద, సొంత దేశం జనం అరుపుల మధ్య తొక్కుతున్న బ్రిటన్ అమ్మాయి లిజ్జీ ఆర్మిట్‌స్టెడ్‌ని స్ప్రింట్‌లో ఓడించింది. ఆ చివరి రెండొందల మీటర్లలో నాకు కనిపించేది ట్రాకే. తలెత్తదు, భుజం కదలదు, ముందు తానే మొదలుపెట్టి చివరిదాకా ఆ వేగం తగ్గనివ్వదు. వెనకున్నమ్మాయి పక్కకొచ్చేంత సందే ఇవ్వలేదు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. నాకు ఆ స్వర్ణాలకన్నా ఆమె రజతాలంటే ఎక్కువ ఇష్టం. 2006లో 19 ఏళ్లకే సాల్జ్‌బర్గ్‌లో రోడ్డు ప్రపంచ టైటిల్ గెలిచింది. ఆ తర్వాత వరసగా ఐదేళ్లు రెండో స్థానం. ఆమెను దాటి గెలిచినవాళ్లు వీళ్లు: 2007 స్టట్‌గార్ట్‌లో బస్తియానెల్లి, 2008 వారెసెలో నికోల్ కుక్, 2009 మెండ్రిసియోలో గుదెర్జో, 2010లో ఆస్ట్రేలియాలోని జీలాంగ్‌లో బ్రోంజిని, 2011 కోపెన్‌హాగెన్‌లో మళ్లీ అదే బ్రోంజిని. ఐదేళ్లు వరసగా పోడియం మీద పక్కవాళ్లు ఇంద్రధనుస్సు జెర్సీ వేసుకుంటుంటే చూస్తూ నిలబడటమంటే మాటలా? మనింట్లో పిల్ల క్లాసులో రెండో ర్యాంకు తెచ్చుకుంటే మనం మొదట అడిగే ప్రశ్న ఏంటో గుర్తు తెచ్చుకోండి. అదే మాట ఆమెను ఐదేళ్లపాటు ప్రతి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ప్రపంచమంతా అడిగింది. ఆరో ఏడు, 2012లో, సొంత దేశంలో, వాల్కెన్‌బర్గ్‌లో, కౌబర్గ్ ఎక్కుడులో అందర్నీ వదిలేసి వెళ్లిపోయింది. స్ప్రింట్ దాకా ఆగనేలేదు. ఐదుసార్లు స్ప్రింట్లో, వ్యూహాల్లో చేజారింది కదా, ఈసారి ఆ అవకాశమే ఎవరికీ ఇవ్వలేదు. ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో.

"రెండు పడవల మీద కాళ్లు పెడితే మునుగుతారు" అని మనకో మాటుంది. వోస్ నాలుగు పడవల మీద నిలబడింది. మునగలేదా అంటే, ఒకసారి మునిగింది, అది దాచకూడదు. శీతాకాలమంతా సైక్లోక్రాస్, వసంతం నుంచి రోడ్డు, మధ్యలో మౌంటెన్ బైక్ కూడా మొదలుపెట్టింది. 2015లో శరీరం ఇక నావల్ల కాదంది. తొడ వెనక కండరం గాయం, దానికి తోడు ఓవర్‌ట్రైనింగ్. దాదాపు ఆ సీజనంతా పోయింది. ఆ తర్వాతెప్పుడో తుంటి దగ్గర ధమనికి ఆపరేషన్ కూడా చేయించుకోవాల్సొచ్చింది. అన్నీ చేయగలిగినంత మాత్రాన అన్నీ ఒకే ఏడాదిలో చేయాలని లేదు. ఇది నేను మా గ్రూప్‌లో కొత్తగా చేరి వారానికి ఆరు రోజులు తొక్కే పిల్లలకు పదేపదే చెప్తుంటాను. కానీ ఆ దెబ్బని చూపించి "అందుకే ఒక్కటే పట్టుకోవాలి" అనేవాళ్లతో మాత్రం ఒప్పుకోను. ఆమె రోడ్డు మీద గెలిచిన తీరంతా బురదలోంచీ, ట్రాక్ మీదనుంచీ వచ్చిందే. తడి మలుపులో మిగతావాళ్లు బ్రేకు పట్టుకుంటారు, ఆమె పట్టుకోదు. గుంపులో మోచేతులు తగులుతున్నా దారి వెతుక్కుంటుంది. ఆ ఒడుపు ఒట్టి రోడ్డు మీద తొక్కితే వచ్చేది కాదని నా గట్టి నమ్మకం. 2022లో అమెరికాలోని ఫేయెట్‌విల్‌లో లూసిండా బ్రాండ్‌ని స్ప్రింట్‌లో ఓడించి ఎనిమిదో సైక్లోక్రాస్ టైటిల్ గెలిచింది. ఏడోదానికీ దానికీ మధ్య ఎనిమిదేళ్లు.

ఇక నాకు అన్నిటికన్నా పెద్దదనిపించేది గెలుపు కాదు. 2013లో వోస్, తోటి సైక్లిస్టులు ఎమ్మా పూలీ, క్యాథరిన్ బెర్టీన్, ట్రయాథ్లాన్ విజేత క్రిసీ వెల్లింగ్టన్ కలిసి ఆడవాళ్లకూ టూర్ ద ఫ్రాన్స్ కావాలని పిటిషన్ పెట్టారు. దాదాపు లక్ష సంతకాలొచ్చాయి. ఫలితంగా 2014లో పారిస్‌లోని షాంజెలీజే రోడ్డు మీద ఒక్కరోజు రేసు ఇచ్చారు. ఒక్కరోజు! దాన్నీ ఆమే గెలిచింది. అసలు టూర్ రావడానికి ఇంకో ఎనిమిదేళ్లు పట్టింది. పెద్ద మహిళా టీముల్లో కనీస జీతం అనే నిబంధన వచ్చింది కూడా 2020లోనే. అంటే ఆమె రెండు ఒలింపిక్ స్వర్ణాలు, పన్నెండు ప్రపంచ టైటిళ్లు గెలిచేసిన చాన్నాళ్లకి. మెర్క్స్‌తో పోల్చేటప్పుడు ఇవన్నీ ఎక్కడికి పోతాయి?

2022లో ఆడవాళ్ల టూర్ వచ్చింది. వోస్ రెండో రోజు ప్రొవాన్‌లో గెలిచి పసుపు జెర్సీ (మొత్తం మీద ముందున్నవాళ్లది) వేసుకుంది, ఐదు రోజులు దాంతోనే తొక్కింది, మధ్యలో ఇంకో స్టేజ్ (ఒక రోజు రేసు) కూడా గెలిచింది, ఆకుపచ్చ జెర్సీతో (పాయింట్లలో ముందున్నవాళ్లది) ఇంటికెళ్లింది. అప్పటికి 35 ఏళ్లు. తాను అడిగి సాధించిన రేసులో తాను తొక్కగలిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

పోల్చక తప్పదంటే, పోల్చడానికి ఆడవాళ్లే లేరా? ఫ్రాన్స్‌కి చెందిన జానీ లాంగో రోడ్డు, ట్రాక్ కలిపి పదమూడుసార్లు ప్రపంచ విజేత. వోస్ దేశానికే చెందిన లియోంటీన్ ఫాన్ మోర్సెల్ 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో రోడ్ రేస్, టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ), ట్రాక్ మీద పర్స్యూట్, మూడూ గెలిచింది. వీళ్ల పేర్లు మనకు తెలియకపోవడానికి కారణం, ప్రతిసారీ మగవాళ్ల పేరుతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోవడం. పారిస్‌లో 2024 రోడ్ రేస్ గెలిచిన క్రిస్టెన్ ఫాక్నర్ అదే ఒలింపిక్స్‌లో ట్రాక్ మీద టీమ్ పర్స్యూట్ స్వర్ణం కూడా కొట్టింది. ఎవరన్నా చెప్పారా మీకు? ఆ రోడ్ రేస్‌లో రజతం ఎవరిదో తెలుసా? వోస్‌దే. లండన్ తర్వాత పన్నెండేళ్లకి.

2025 జూలై 26న టూర్ మొదటి స్టేజ్, ప్లూమలెక్‌లో ఎక్కుడు మీద ఫినిష్. ఆమె టీమ్‌మేట్ పోలిన్ ఫెర్రాన్-ప్రెవో ముందు దూసుకెళ్లింది. వెనకనుంచి మారిషస్ అమ్మాయి కిమ్ లె కోర్ తరుముకొస్తోంది. ఆమెతో పాటే వోస్. గీత ఇంకొన్ని మీటర్లుందనగా అందర్నీ దాటేసింది. 38 ఏళ్లు, మళ్లీ పసుపు జెర్సీ. 2014 జిరోలో వోస్ మొదటి స్థానం, ఫెర్రాన్-ప్రెవో రెండో స్థానం. పదకొండేళ్లకి ఆ ఇద్దరూ మళ్లీ ఒకే టీమ్. ఆ వారం చివర్లో టూర్ గెలిచింది ఫెర్రాన్-ప్రెవో.

వచ్చే ఆదివారం ఆయన కనిపిస్తే ముందు బీజింగ్ వీడియో చూపిస్తాను. టీ నేనే ఇప్పిస్తాను.